వంటింటి దెయ్యాలు

నేను తెలుగు పంతులమ్మను. ప్రబంధ నాయికల విరహం ఎన్ని తీరులో నిద్దట్లో లేపి అడిగినా చెప్పగలను. కాని పాలు ఎందుకు తోడుకుంటాయనో, పూరీ ఎందుకు పొంగుతుందనో అడిగారనుకోండి, "అదంతే!" అని గరిటె చూపించి తప్పుకొనే బాపతు. అటువంటిదాన్ని, 2024 అక్టోబరు నెలాఖరున, అమెరికాలో ఒక వంటింట్లో నిలబడి, అయిదుగురు పిల్లలకు సైన్సు పాఠం చెప్పవలసివచ్చింది. అదీ దెయ్యాల పండుగకి! ఈ మాట మా కాలేజీలో కెమిస్ట్రీ మేష్టారితో చెబితే ఆయన ఇంతవరకూ నమ్మలేదు. మీరైనా నమ్మాలి.

కథ అక్కడ మొదలు కాదు. ఆ ఏడాది మే నెలలో మా నాన్నగారు పోయారు. ఆయన హైస్కూల్లో సైన్సు మేష్టారుగా చేసి రిటైరయినవారు. నేను బి.ఏ.లో తెలుగు తీసుకుంటానన్నప్పుడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోనాడు బజారుకి వెళ్ళి శబ్దరత్నాకరం కొనితెచ్చి, నా బల్లమీద పెట్టి, మారు మాట్లాడకుండా వెళ్ళిపోయారు. అలాంటి మనిషి.

కర్మకాండ అయినాక తమ్ముడు అమ్మను తనతో న్యూజెర్సీ తీసుకువెళ్ళాడు. "ఒక్కతీ ఉండి ఏం చేస్తుంది, అక్కా? చిట్టి ఉంది, కాలక్షేపమవుతుంది" అన్నాడు. నిజమేననుకున్నాను. దసరా వెళ్ళాక ఒక రాత్రి ఫోను చేశాడు. "అమ్మ మాట్లాడటం లేదక్కా. అన్నం పెడితే తింటుంది. లేకపోతే కిటికీ దగ్గర కూర్చుంటుంది. చిట్టి పలకరిస్తే ఊఁ అంటుంది, అంతే. ఇంటికి పోతానని కూడా అనటం లేదు. అంటే బాగుండును." ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. నాకు వీసా ఎప్పటిదో ఉంది. ఉన్న సెలవంతా ఊడ్చి, మూడు వారాలకు విమానమెక్కాను.

వెళ్ళినప్పుడు ఆ వీధి చూసి గుండె గుభేలుమంది. ఒకరి అరుగుమీద అస్థిపంజరం కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎదురింటి చెట్టుకు తెల్లగుడ్డల దెయ్యాలు వేలాడుతున్నాయి. ఒక తోటలో సమాధిరాళ్ళు పాతారు. గుమ్మం గుమ్మానా గుమ్మడికాయలు. "ఏమిట్రా ఇది, మనుషులుండే పేటేనా?" అన్నాను. "హాలోవీన్, అక్కా. ముప్ఫయ్యొకటో తారీఖున" అన్నాడు తమ్ముడు. ఆ ఏడాది అక్టోబరులో అక్కడ వాననేది దాదాపు లేదు. రాలిన ఆకులు ఎండి, నడుస్తుంటే అప్పడాల్లా విరుగుతున్నాయి. ఆ చప్పుడుకి దెయ్యాల అలంకారం ఇంకా రక్తి కట్టింది. మా తమ్ముడి ఇంటిముందు మాత్రం ఏమీ లేదు. కిటికీ తెర వేసి ఉంది. తెర వెనక అమ్మ ఉంది.

ఆ పండుగ సంగతి ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. ఐర్లండు, స్కాట్లండుల్లో పూర్వం కెల్టు జాతులవారు పంటలు ఇంటికి చేరాక, చలికాలం మొదట్లో, సౌవిన్ అని పండుగ చేసేవారట. ఆ రాత్రి ఈ లోకానికీ ఆ లోకానికీ మధ్య తలుపు ఓరగా తెరుచుకుని ఉంటుందనీ, పోయినవాళ్ళు తిరుగాడుతారనీ నమ్మకం. క్రైస్తవమతం వచ్చాక నవంబరు 1 సకల పునీతుల పండుగ అయింది. దాని ముందు రాత్రి హాలోవీన్ అయింది. ఐర్లండులో టర్నిప్ దుంపలను తొలిచి, మొహాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. పందొమ్మిదో శతాబ్దంలో ఐరిష్ వాళ్ళు వలసపోయి అమెరికా చేరేసరికి అక్కడ ఇంతింత గుమ్మడికాయలు కనిపించాయి. తొలవడం సులువు, మొహమూ పెద్దది! దుంప పదవి గుమ్మడికాయకు దక్కింది. పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు పుచ్చుకోవడమొకటి. మన పల్లెల్లో వెనకటికి దసరాకి పంతులుగారు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు చూడండి, దాదాపు అదే తంతు. కాకపోతే ఇక్కడ పంతులుగారికి మామూలు ముట్టదు.

చిట్టికి ఎనిమిదేళ్ళు. తెలుగు బాగానే అర్థమవుతుంది. జవాబు మాత్రం ఇంగ్లీషులో చెప్పి, చివర ఒక తెలుగు ముక్క తగిలిస్తుంది. నేను వెళ్ళిన మూడోనాడే నా మంచం అంచున కూర్చుని మొర పెట్టుకుంది. శనివారంనాడు నలుగురు స్నేహితుల్ని పిలిచి, వాళ్ళకు 'దెయ్యాల సైన్సు' చేసి చూపిస్తానని ఎప్పుడో మాట ఇచ్చేసిందట. ఇప్పుడు వాళ్ళ నాన్న వద్దంటున్నాడట. "తాతయ్య చనిపోయారు కదా, ఈ ఇయర్ మనకి పండగలు లేవంట, అత్తా."

ఏడాది తిరిగేవరకూ పండుగలు చేసుకోకపోవడం మన ఇళ్ళలో ఉన్నదే. దానికి తోడు ఆ సంవత్సరం అక్టోబరు 31నే అక్కడ దీపావళి అమావాస్య కూడా వచ్చింది. తమ్ముడు దేన్నీ తలపెట్టదలచుకోలేదు. కాని పిల్లదాని మొహం చూస్తే నాకు పాయింటు తోచింది. తెలుగు చదివినవాళ్ళకు వ్యాఖ్యానం చేయడం తప్ప వేరే విద్య రాదు కదా! "ఒరే, మనకు లేనివి మన పండుగలు. హాలోవీన్ మన పండుగ కాదు గనక దానికి అంటు లేదు. పైగా అది చేసేది సైన్సు. నాన్నగారి సబ్జెక్టు" అన్నాను. తమ్ముడు కాసేపు చూసి, "నీతో వాదన ఎందుకులే" అన్నాడు. మరదలు నవ్వి, "వంటిల్లు మీదే వదినా, గోడలు మాత్రం మిగల్చండి" అంది.

ఆ రాత్రే తాలీము మొదలుపెట్టాం. అమ్మ వంటింటి మూల కుర్చీలో కూర్చుని ఉంది. మావైపు చూడటం లేదు.

మొదటిది బుడగ దెయ్యం. చిన్న సీసాలో అరకప్పు వెనిగరు పోయాలి. తెల్ల బెలూను మీద నల్లకలంతో కళ్ళూ నోరూ వేసి, దానిలోకి గరాటుతో రెండు చెంచాల వంటసోడా వేయాలి. బెలూను మూతిని సీసా మూతికి తొడిగి, నిలువుగా ఎత్తితే సోడా వెనిగరులో పడుతుంది. పడగానే బుస్సుమని పొంగి, బెలూను దానంతటదే లేచి నిలబడుతుంది. దెయ్యం లేచినట్టే! వెనిగరు పులుపు, అంటే ఆమ్లం. సోడా దానికి విరుగుడు. రెండూ కలిస్తే బొగ్గుపులుసు గాలి పుట్టి బెలూనులో నిండుతుంది. పుల్లమజ్జిగ పోసిన పిండిలో చిటికెడు సోడా వేస్తే అట్టుకు చిల్లులు పడేది ఈ గాలివల్లనే.

చిట్టి రెండు చెంచాలకు తృప్తిపడలేదు. నేను అటు తిరిగేసరికి అయిదో ఆరో వేసింది. బెలూను ఉబ్బి, ఊడి, చావడిలోకి ఎగిరింది. వెనిగరు నురుగు వెళ్ళి అప్పుడే ఆఫీసునుంచి వచ్చిన తమ్ముడి చొక్కామీద పడింది. "నేను వద్దన్నది ఇందుకే" అన్నాడు వాడు. మూల కుర్చీవైపు చూశాను. అమ్మ పెదవి కొంచెం కదిలినట్టనిపించింది. నా భ్రమేమో!

తరువాతది రక్తం. దెయ్యాల సైన్సుకు రక్తం లేకపోతే ఎలా? చిట్టి కాగితంలో ఎర్రరంగు అని రాసి ఉంది. ఇంట్లో ఎర్రరంగు లేదు. రాత్రి తొమ్మిదయింది. పిల్ల మొహం వేలాడేసింది. అప్పుడు వినిపించింది, మూలనుంచి.

"పసుపులో సున్నం కలపండే."

తమ్ముడూ నేనూ ఒకేసారి తిరిగాం. చాలా రోజులుగా ఎవరూ ఏమీ అడగకుండా ఆవిడ తనంతట తాను అన్న మొదటి మాట అది.

"సున్నం ఇప్పుడెక్కడ దొరుకుతుందమ్మా?" అన్నాడు తమ్ముడు, గొంతు మామూలుగా పెట్టుకుని.

"అయితే వంటసోడా వెయ్యండి. ఇటికరంగు వస్తుంది. సున్నమంత చిక్కగా రాదనుకో."

గ్లాసులో నీళ్ళు పోసి, అరచెంచా పసుపు వేసి, సోడా కలిపాను. పసుప్పచ్చటి నీళ్ళు కళ్ళముందే ఎర్రబారాయి. చిట్టి కేక పెట్టింది. "వై? నాయనమ్మా, ఎందుకు?"

అమ్మ లేచి వచ్చి బల్ల దగ్గర నిలబడింది. "మీ తాతయ్య అనేవారు, పసుపు నాలుక పెట్టకుండానే రుచి చెబుతుందని. పులుపు తగిలితే పచ్చగా ఉంటుంది. సున్నం, సోడా, సబ్బు, ఇటువంటివి తగిలితే ఎర్రబడుతుంది. ఇప్పుడు దానిలో నిమ్మకాయ పిండు."

పిండితే బుసబుస పొంగి, మళ్ళీ పచ్చబడింది. "మళ్ళీ సోడా వెయ్యి." మళ్ళీ ఎరుపు. చిట్టి ఆ గ్లాసును పదిసార్లు అటూ ఇటూ మార్చింది. పులుసు పడిన చొక్కాకు సబ్బు రాస్తే మరక ఎర్రబారడం ఎన్నేళ్ళుగా చూశాను! మరక అనుకున్నానేగాని, అది జవాబు అనుకోలేదు. పసుపులో ఉన్న కర్కుమిన్ అనే రంగుపదార్థం క్షారం తగిలితే ఎరుపు తిరుగుతుందట. ఈ ముక్క తెలియడానికి కాలేజీలో పద్దెనిమిదేళ్ళు పాఠం చెప్పినా లాభం లేకపోయింది. వంటింట్లో మూలకుర్చీ మాట్లాడవలసి వచ్చింది.

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"తెలియకపోవడమేం? ఆయన క్లాసులో చూపించడానికి నా పోపులపెట్టెలో డబ్బాలే కదా పట్టుకుపోయేవారు! పొద్దున్న వంటింట్లో చేసి చూసుకుని, కుదిరితే బడికి తీసుకెళ్ళేవారు. సాయంత్రం ఉత్తడబ్బాలు తెచ్చేవారు. పసుపు ఏదండీ అంటే, పిల్లల బుర్రల్లోకి వెళ్ళిందనేవారు."

నాకు తెలియని నాన్నగారు ఆయన. నాకు తెలిసినాయన పరీక్షపేపర్లు దిద్దేవారు, పడకకుర్చీలో పేపరు చదివేవారు. నా చిన్నతనంలో పొద్దుటిపూట వాళ్ళిద్దరూ వంటింట్లో రంగులు మార్చుకుంటుంటే నేను ముసుగుతన్ని నిద్రపోతూ ఉండి ఉంటాను.

మర్నాడు ఎడిసన్లో ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్ళాం. అక్కడ వీధి పొడుగునా మనవాళ్ళ కొట్లే. కిళ్ళీసున్నం సులభంగా దొరికింది. సున్నం పిల్లల చేతికి ఇవ్వకండి. కంట్లో పడితే ప్రమాదం. చిటికెడు పెద్దవాళ్ళే కలపాలి. ఇంటికి వచ్చి వెడల్పాటి పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, సున్నం డబ్బా పక్కన పెట్టాం. చిట్టి చెంచా తెచ్చి, "నాయనమ్మా, నువ్వే కలుపు" అంది.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎర్రనీళ్ళు నేను కలపకూడదే, తల్లీ."

"ఎందుకు?"

ఎవ్వరం మాట్లాడలేదు. కొత్త పెళ్ళికూతురు గడపలో అడుగుపెట్టినా, పురిటిబిడ్డ ఇంటికి వచ్చినా పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపి హారతి ఇచ్చేది మా వీధిలో అమ్మే. ఆవిడ చేతి ఎరుపు బాగుంటుందని పిలిచి మరీ కలిపించుకునేవారు. మే నెల తరువాత ఎవరూ పిలవలేదు. ఎవరూ వద్దనీ అనలేదు. ఆవిడే తప్పుకుంది.

ప్రతి సంవత్సరమూ నేను తరగతిలో వీరేశలింగం పంతులుగారి పాఠం చెబుతాను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొట్టమొదటి వితంతు వివాహం జరిపించిన ఘట్టం వచ్చేసరికి నా గొంతు లేస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ గొంతు ఆవేళ ఎక్కడికి పోయిందో తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్ల అడిగిన 'ఎందుకు'కి నా ఎం.ఏ. పట్టా జవాబు చెప్పలేదు. "అదంతే" అని నోటిదాకా వచ్చింది. అనలేదు, అంతవరకే నయం.

చిట్టి కాసేపు అందరి మొహాలూ చూసి, తనే తేల్చేసింది. "ఇది పూజకి కాదు నాయనమ్మా. దెయ్యానికి. దెయ్యం బ్లడ్డు ఎవరైనా కలపొచ్చు."

అమ్మ నవ్వింది. మొదట చిన్నగా, తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "దీని వాదన వాళ్ళ అత్త వాదనలాగే ఉంది" అంది. వేలితో ఇంత సున్నం తీసి, చెంచా అంచున రాసి, పళ్ళెంలో తిప్పింది. చిక్కటి ఎరుపు. ఆ చేతి ఎరుపు మారలేదు. మరదలు ఎందుకో గబగబా గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది.

ఇక శనివారం సంగతి. నలుగురు పిల్లలు వచ్చారు. అందులో ఇద్దరు గుజరాతీవాళ్ళు, ఒకతె చైనా పిల్ల, ఒకడు ఆ దేశపు వాడే. గుమ్మడికాయ కొయ్యబోతే అమ్మ ఆపింది. నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు కత్తి పెట్టకూడదని మన ఆచారం. తమ్ముడు వచ్చి మొదటి గాటు పెట్టాక గాని ప్రయోగం సాగలేదు. లోపలి గుజ్జు అమ్మ నాలుకమీద వేసుకుని చూసి, "ఉత్త నీరు. దప్పళంలోకి పనికిరాదు" అని తీర్పు చెప్పింది. నిజమే, అవి మొహాలు చెక్కడానికి పెంచే కాయలు, కూరకాయలు వేరే ఉంటాయట. గింజలు మాత్రం నేతిలో వేయించి, ఉప్పూ కారమూ చల్లింది. పిల్లలు ప్రయోగాలు మానేసి వాటిమీద పడ్డారు.

ఆ కాయకు కళ్ళూ నోరూ చెక్కి, లోపల గ్లాసులో సోడా, రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బునీళ్ళూ వేసి, వెనిగరు పోశాం. నోట్లోంచి, కళ్ళలోంచి నురుగు కక్కుకుంది. సబ్బు దేనికంటే, పుట్టిన గాలి ఊరికే పోకుండా బుడగల్లో పట్టి ఉంచడానికి. తరువాత తెల్లకాగితానికి పసుపునీళ్ళు పూసి ఆరబెట్టినవి తలొకటి ఇచ్చాం. సోడా కలిపిన నీళ్ళలో దూది పుల్ల ముంచి రాస్తే ఎర్ర అక్షరాలు తేలతాయి. చైనా పిల్ల తన భాషలో పేరు రాసుకుంది. అమ్మ చిట్టి చెయ్యి పట్టుకుని 'అ' రాయించింది.

అందరికంటే ఎక్కువ గొడవ చేసింది దెయ్యపు బంక. రెండు కప్పుల మొక్కజొన్న పిండిలో, కార్న్‌ఫ్లోర్ అని కొట్లలో అమ్మేది, ఒక కప్పు నీళ్ళు పోసి కలపడమే. మెల్లగా వేలు పెడితే నీళ్ళలోలాగ దిగుతుంది. పిడికిలితో గుద్దితే రాయి! చేతిలోకి తీసి నలిపితే ఉండ కడుతుంది, నలపడం మానితే వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంది. ఇది ఏమిటో చెప్పమని అయిదుగురూ నామీదికి వచ్చారు. నాన్నగారయితే ఎలా చెప్పేవారో ఆలోచించాను. "తిరునాళ్ళలో గుడి గుమ్మం దగ్గర జనం ఉంటారు చూడండి. మెల్లగా నడిస్తే ఒకరి పక్కనుంచి ఒకరు తప్పుకుని వెళ్ళిపోతారు. ఒక్కసారి తోశారా, అందరూ ఇరుక్కుని గోడలాగ నిలబడిపోతారు. ఈ పిండి రేణువులూ అంతే. మెల్లగా కదిపితే మధ్యనున్న నీరు జారనిస్తుంది. ఉన్నట్టుండి కొడితే రేణువులు ఒకదానికొకటి అడ్డుపడి బిగుసుకుంటాయి" అన్నాను. తిరునాళ్ళంటే వాళ్ళకు తెలియదు. తమ్ముడు న్యూయార్కు భూగర్భ రైలు గుమ్మం అని అనువాదం చేశాడు. అప్పుడు తలలూపారు. ఒక హెచ్చరిక. ఆ బంకను తూములో పారబోయకండి, అడ్డం పడుతుంది. మేము పోసి తెలుసుకున్నాం.

చివర దీపాలు ఆర్పేసి, అతినీలలోహిత కాంతినిచ్చే బల్బు ఒకటి వెలిగించారు. ఈ పండుగ రోజుల్లో అది అక్కడ బజార్లలో అమ్ముతారు. దాని వెలుగులో టానిక్ వాటర్ అనే చేదుసోడా సీసా పెడితే నీలంగా మెరిసింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. అమ్మ కొంచెం రుచి చూసి ఉలిక్కిపడింది. "ఓసి దీని మొహంమండ, ఇది కొయినా కదే! చిన్నప్పుడు చలిజ్వరానికి ముక్కు మూసి పోసేవారు." ఒక్క చుక్కతో ఆవిడ అరవైయేళ్ళు వెనక్కి వెళ్ళివచ్చింది. ఆ సోడాలో ఉన్నది నిజంగా క్వినైనే. అది సింకోనా చెట్టు బెరడులోది. కంటికి కనిపించని కాంతిని తాగి, కనిపించే నీలపు వెలుగుగా కక్కుతుంది. 1852లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు ఈ గుణాన్ని వివరించింది క్వినైను ద్రావణం పట్టుకునే. ఆ చలిజ్వరం దోమలో ఉంటుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో మన సికిందరాబాదులో. ఆ సంగతి చెబితే, ఆ దేశపు పిల్లవాడు అమ్మవైపు గౌరవంగా చూశాడు, ఆవిడే కనిపెట్టినట్టు.

గురువారం అమావాస్య వచ్చింది. చీకటిపడుతుండగా వీధంతా పిల్ల దెయ్యాలు బయలుదేరాయి. కొన్ని మనవాళ్ళ ఇళ్ళముందు ఒకపక్క ప్రమిదలు, ఒకపక్క అస్థిపంజరాలు. చిట్టి తెల్లదుప్పటి కప్పుకుని, పసుపునీళ్ళతో సున్నంతో నాయనమ్మ చేత 'రక్తం' చుక్కలు వేయించుకుని, తండ్రి వెంట బయలుదేరింది. మేము చెక్కిన గుమ్మడికాయ గుమ్మంలో ఉంది, దీపం లేకుండా. ఈ ఏడాది మనకు దీపాల వరసలు లేవు కదా!

అమ్మ తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. "దానిలో దీపమెందుకే పెడతారు వీళ్ళు?"

చెప్పాను. ఈ రాత్రి పోయినవాళ్ళు తిరిగి వస్తారని నమ్మేవారనీ, దుష్టశక్తులు దరికి రాకుండా ఆ మొహాన్ని దీపంతో గుమ్మంలో పెట్టేవారనీ.

ఆవిడ చాలాసేపు ఊరుకుంది. "మనకీ ఇవాళేగా. పితృదేవతలకు దారి కనపడాలని సాయంత్రం దివ్వెలు చూపిస్తాం. మీరు చిన్నప్పుడు గోగుకాడలకు నూనెగుడ్డలు చుట్టి దివ్వెలు కొట్టేవారు, మరిచిపోయావా?"

మరిచిపోలేదు. అది పిల్లల ఆట అనుకున్నాను. ఎవరికోసం వెలుతురో ఎప్పుడూ అడగలేదు. అడగవలసిన 'ఎందుకు'లు నావి అలా చాలా మిగిలిపోయాయి.

"అగ్గిపెట్టె ఇలా ఇయ్యి" అంది అమ్మ.

"ఈ ఏడు మనం..." అని నసిగాను.

"ఇది మన పండుగ కాదన్నావుగా, నువ్వే. దారి మాత్రం ఎవరి దీపమైతే కనపడదూ?" అని వంగి, కాయలో ఒత్తి వెలిగించింది. పసుప్పచ్చటి మొహం, కోరపళ్ళు, లోపల దీపం. "మీ నాన్నగారు చూస్తే నవ్వుతారు. ఇదేం సైన్సే అంటారు" అంది. అని, మెట్టుమీద కూర్చుని ఏడ్చింది. ఆయన పోయాక అలా ఏడవడం నేను చూడటం అదే మొదలు. నేను పక్కన కూర్చున్నాను. వచ్చిన పిల్ల దెయ్యాలకు ఒక చేత్తో మిఠాయిలు ఇస్తూ, ఒక చెయ్యి ఆవిడ భుజంమీద వేసుకుని కూర్చున్నాను. దెయ్యాలు మర్యాదగా 'థాంక్యూ' చెప్పి వెళ్ళాయి.

నాతో తిరిగి వస్తుందేమోనని అడిగాను. "ఈ చలికాలం వెళ్ళనీ. దానికి చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి" అంది. ఆబ్దికానికి అందరూ కలిసి వచ్చారు. అప్పటినుంచి అమ్మ నా దగ్గరే ఉంది.

ఆదివారం పొద్దున్నే ఫోను వస్తుంది. నాకోసం కాదు. "నాయనమ్మా, పాలు ఎందుకు తోడుకుంటాయి?" అమ్మ ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళుతుంది. నేను చూసిరమ్మనే వంకతో వెనకాలే వెళ్ళి గుమ్మంలో నిలబడతాను. జవాబు నాకూ కావాలి మరి.

మొన్న మా పక్కింట్లో కొత్తకోడలు గృహప్రవేశం. ఎర్రనీళ్ళు సరిగా కుదరలేదని ఆవిడ తంటాలు పడుతుంటే, అమ్మ ఇక్కడినుంచే, "సున్నం ఇంకాస్త వెయ్యమ్మా" అంది. ఆవిడ పళ్ళెం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "మీరే వేసి కలపండి, పిన్నిగారూ. మీ చెయ్యి మంచిది" అంది.

అమ్మ నావైపు చూసింది. నేను చెంచా అందించాను.